ఒక్క మైకు నుంచి ముప్పై రెండు ఛానెళ్ల దాకా

శివరాత్రి నాడు మేళ్లచెరువులో చెవికి తీరిక ఉండదు. స్వయంభూ శంభులింగేశ్వర స్వామి గుడి మైకులో లింగాష్టకం వినిపిస్తుంటుంది. ఎడ్ల పందేల బరి దగ్గర వ్యాఖ్యాత కేకలు, ప్రభల దగ్గర జానపద పాటల హోరు. వీటి సందులోంచే బొమ్మలవాడి పిలుపు, జిలేబీవాడి పిలుపు. 2016 దాకా నల్గొండ జిల్లాలో, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న ఈ ఊరు మిగతా ఏడాదంతా సిమెంటు ఫ్యాక్టరీల లారీల చప్పుడు వింటుంది. జాతర రోజుల్లో మాత్రం రాజ్యం పాటదే.

ఆ పాటల్లో గొంతు ఎంత ఉండాలి, డప్పు ఎంత ఉండాలి, కోరస్ ఎంత వెనక నిలవాలి అన్న తూకం ఎవరో ఒకరు ఎక్కడో కూర్చుని వేసిందే. గుడిలో మోగే పాత పాటకు ఆ తూకం యాభై అరవై ఏళ్ల కింద మద్రాసులో పడి ఉంటుంది. ప్రభ మీద దుమ్ము రేపే కొత్త పాటకు కోదాడలోనో, నల్గొండలోనో, హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటు గదిలోనో డిజిటల్ మిక్సింగ్ కన్సోల్ ముందు పడి ఉండవచ్చు. నూట ఇరవై ఏళ్లుగా ఆ తూకం చేతులు మారుతూ వచ్చింది. మన పాటల రికార్డింగు చరిత్రంతా అందులోనే ఉంది.

మొదట్లో తూకం మనుషుల కాళ్ల మీద ఆధారపడింది. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాట పట్టినప్పుడు అక్కడ మైకు లేదు, కరెంటు లేదు. ఉన్నదల్లా ఒక పెద్ద కొమ్ము. గాయని కొమ్ములోకి గొంతెత్తి పాడితే దాని చివరి సూది అదిరి మైనపు పలక మీద గాడి చెక్కేది. మూడు నిమిషాలు దాటితే పలకలో చోటుండదు. తబలా మోత ఎక్కువైతే తబలా అతను రెండడుగులు వెనక్కి జరగాలి, సారంగి వినపడకపోతే ముందుకు రావాలి. మెత్తగా పాడేవారికి ఆ కొమ్ము దగ్గర పని లేదు. రంగస్థలం మీద చివరి వరుస దాకా వినిపించేలా పద్యం పాడినవాళ్ల గొంతే నెగ్గింది. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చాకగానీ, గుసగుసను కూడా పట్టుకునే మైకు సంగీతంలో అడుగు పెట్టలేదు.

తెలుగులో తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. చిత్రీకరణ బొంబాయిలో జరిగింది. లీలావతి వేషం వేసిన సురభి కమలాబాయి లాంటి నటులకు నాటక సమాజంలో నేర్చిన గొంతే పెట్టుబడి. నటించేవారే పాడాలి, అదీ కెమెరా తిరుగుతుండగానే. కెమెరా కంట పడకుండా మైకును వేలాడదీసేవారు. వాద్యగాళ్లు ఫ్రేము బయట కూర్చునేవారు. ఒక్క గొంతు తడబడినా మొత్తం షాటు మళ్లీ తీయాలి. ప్లేబ్యాక్ పద్ధతి స్థిరపడి పాటను ముందే రికార్డు చేసుకోవడం మొదలయ్యాక నటుడికి ఊపిరి ఆడింది. కష్టం మాత్రం పోలేదు. సెట్టు మీంచి రికార్డింగు థియేటర్‌కు మారింది, అంతే.

ఇదే కాలంలో హైదరాబాదు సంస్థానంలో గాలిలోకి పాట ఎక్కింది. దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న ప్రసారాలు ప్రారంభించింది. ఉర్దూదే పైచేయి అయినా తెలుగుకూ కొంత చోటు దొరికింది. 1950 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది. రేడియోలో ప్రత్యక్ష ప్రసారమంటే రీటేకు లేదు. గాజు అద్దం అవతల కూర్చున్న ఇంజనీరు వేళ్లు గుండ్రటి మీటల మీద ఉంటాయి, కళ్లు మీటరు ముల్లు మీద ఉంటాయి. రెండు మూడు మైకుల నుంచి వచ్చే శబ్దాన్ని అక్కడికక్కడే కలిపి పంపాలి. కన్సోల్ అనే బల్ల పూర్వీకుణ్ని మన ప్రాంతంలో వెతకాలంటే ఆ రేడియో స్టూడియో గదికే పోవాలి.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో తెలుగు పాటకు కేంద్రం మద్రాసు. జెమినీ, ఏవీఎం, విజయా గార్డెన్స్, తర్వాత ప్రసాద్: ఒక్కో థియేటర్‌కు ఒక్కో పేరు, ఒక్కో నాదం. 1950ల్లో అయస్కాంత టేపు వచ్చి పని తేలికైంది. తప్పు దొర్లితే శబ్దం ఎక్కిన ఫిల్ము పారేయనక్కర్లేదు, టేపు వెనక్కి తిప్పి మళ్లీ పాడించవచ్చు. అయినా గాయకుడు, కోరస్, యాభై మంది దాకా వాద్యగాళ్లు ఒకే హాల్లో ఒకేసారి పలికి తీరాల్సిందే. వయొలిన్లు ఒక వైపు, తబలా చెక్క అడ్డుగోడల నడుమ, గాయకుడు విడి గదిలో. అక్కడ కన్సోల్ ముందు కూర్చున్న రికార్డిస్టు చేసిన పని చూస్తే చెరువు కట్ట మీది నీరటికాడు గుర్తొస్తాడు. ఏ కాలువకు ఎంత నీరు వదలాలో, ఏ తూము ఎప్పుడు దించాలో చేతి అంచనాతో తేల్చేవాడు నీరటికాడు. రికార్డిస్టు కూడా పల్లవి దగ్గర వయొలిన్లను ఎత్తి, చరణంలో గొంతుకు దారి విడిచి, ముగింపులో అన్నిటినీ దించేవాడు. కలిసిపోయిన శబ్దం మోనోలో ఒక్క ట్రాకు మీదికి పోయేది. వీణ తగ్గిందని మర్నాడు ఎంత బాధపడినా లాభం లేదు.

ప్రపంచంలో మరోచోట ఈ చిక్కుముడి విప్పే ప్రయత్నం అప్పటికే మొదలైంది. గిటారు విద్వాంసుడు లెస్ పాల్ కోసం ఆంపెక్స్ కంపెనీ 1957లో ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం తయారు చేసింది. ఒక ట్రాకు మీద గొంతు, మరో దాని మీద గిటారు, మూడోదాని మీద డ్రమ్స్. తూకం తర్వాత తీరిగ్గా వేసుకోవచ్చు. అంత పెద్ద బీటిల్స్ బృందం సైతం 1967 నాటి ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌ను నాలుగు ట్రాకుల యంత్రాలతో లాగించింది.

ఆ రోజుల్లో నల్గొండ పల్లెలకు ఈ గొడవలేవీ తెలియవు. వాళ్లకు తెలిసింది మైకు సెట్టు. ఒక ఆంప్లిఫయరు, చెట్టుకు కట్టిన రెండు గొట్టం స్పీకర్లు, ఒక రికార్డు ప్లేయరు, ఒక బ్యాటరీ. పెళ్లయినా, జాతరయినా, పార్టీ మీటింగయినా ఇదే సరంజామా. 1940లో మొదలైన అహూజా కంపెనీ పేరు ఊరూరా మైకుకు మారుపేరుగా చెలామణీ అయింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1963లో హెచ్.ఎం.వి.కి పాడిన వేంకటేశ సుప్రభాతం, 1974లో కన్నుమూయడానికి ముందు ఘంటసాల పాడిన భగవద్గీత తెలుగు పల్లె చెవికి చేరింది ఈ గొట్టాల ద్వారానే. ఆ హారన్లలో బరువైన కింది స్వరాలు పలకవు, గొంతు మాత్రం పొలిమేర దాటి వినపడుతుంది. గొంతును ముందుంచి తూకం వేసిన పాత రికార్డులకూ, గొంతునే మోసే ఆ గొట్టానికీ భలే పొత్తు కుదిరింది.

మరి ఈ తెలంగాణ నేల సొంత పాట ఎప్పుడు రికార్డయింది? పెద్దగట్టు లింగమంతుల జాతరలో భేరీల మోత, ఒగ్గు కథకుడి డోలు, సాయుధ పోరాట కాలపు దళాల పాటలు ఎంతో కాలం కొమ్ముకూ అందలేదు, మైకుకూ అందలేదు. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి కట్టిన పాటలు నోటి నుంచి నోటికి బతికాయి. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమాతో 1980 ప్రాంతంలో అవి వెండితెర మీదికి వచ్చాయి. యాదగిరి పాటను గద్దర్ తెర మీద కనిపించి పాడాడు. పోరాటం ముగిసిన మూడు దశాబ్దాలకు ఆ పాట ఊరూరికీ యంత్రం మీద చేరింది.

ఆ పక్కనే క్యాసెట్ వచ్చింది. ఫిలిప్స్ 1963లో బయటపెట్టిన ఈ చిన్న డబ్బా 1980లకల్లా మన ఆటోలోకి, టీ కొట్టులోకి చేరింది. రికార్డు పళ్లెం ముద్రించాలంటే ఫ్యాక్టరీ కావాలి. క్యాసెట్ కాపీకి రెండు డెక్కులు చాలు. జన నాట్య మండలి పాటలు, భజన బృందాలు, బుర్రకథలు, పెళ్లి పాటలు క్యాసెట్ల మీద చేతులు మారాయి. 2002లో మొదలైన ధూంధాం సభల నాటికి తెలంగాణ పాటకు సొంత అంగడి తయారైంది. కాపీ తీసిన కొద్దీ శబ్దం అరిగి, బుస్సుమనే మోత పెరిగేది. అయినా వినేవాళ్లు కావలించుకున్నారు.

సినిమా వైపు మార్పు మరోలా నడిచింది. 1986లో కృష్ణ తీసిన ‘సింహాసనం’ తెలుగులో తొలి 70 ఎం.ఎం., ఆరు ట్రాకుల స్టీరియో చిత్రం. శబ్దం ఒక్క తెర వెనక నుంచే గాక హాలు నలువైపుల నుంచీ రావాలంటే కన్సోల్ మీద ఒక్క మీట చాలదు, ఒక్క చేయీ చాలదు. 1989లో మద్రాసు కోడంబాకంలో ఇంటి పెరట్లో ఏ.ఆర్. రెహమాన్ కట్టుకున్న పంచతన్ రికార్డ్ ఇన్ ఇంకో గీత గీసింది. రాజ్–కోటి లాంటి తెలుగు సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు తన సొంత గదిలో ఒక్కో వాద్యాన్ని, ఒక్కో గొంతును విడివిడిగా పేర్చుకునే పద్ధతికి మళ్లాడు. 1992లో ‘రోజా’ పాటలు విన్న ప్రతి సంగీత దర్శకుడూ ఆ శబ్దంలోని స్వచ్ఛత ఎక్కణ్నుంచి వచ్చిందని ఆరా తీశాడు. హాలు నిండా వాద్యగాళ్లతో ఒక్క ఉదయాన ముగిసే రికార్డింగు అక్కడి నుంచి తగ్గుతూ పోయింది. అందుకు బాధపడ్డ వయొలిన్ కళాకారులూ ఉన్నారు, పల్లెల నుంచి ఒంటరిగా వచ్చి అవకాశం పట్టిన డప్పు కళాకారులూ ఉన్నారు.

ఇక డిజిటల్ కన్సోల్. యమహా కంపెనీ 1987లో తెచ్చిన డీఎంపీ7 ఎనిమిది ఛానెళ్ల చిన్న పెట్టె. దాని ఫేడర్ల (శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీటల) కింద మోటార్లున్నాయి. మీట నొక్కితే ఫేడర్లు వాటంతటవే లేచి నిన్నటి స్థానాలకు పోయి నిలబడేవి. 1994లో ప్రోమిక్స్ 01, 1995లో 02ఆర్ వచ్చాక, అంతకు ముందు గది నిండే కన్సోల్‌తో మాత్రమే సాధ్యమైన పని టేబుల్ మీదికి దిగింది. 2012లో బెహ్రింగర్ ఎక్స్32 వచ్చింది. 32 మైకు ప్రవేశాలు, 25 మోటారు ఫేడర్లు, ఒక్క యూఎస్‌బీ తీగ మీద కంప్యూటర్‌కు 32 ట్రాకులు పోయే, 32 ట్రాకులు వచ్చే సౌకర్యం. జిల్లా కేంద్రంలో స్టూడియో పెట్టాలనుకునే కుర్రాడి ఊహకు అందే పరికరం అది.

కొనడం ఒక ఎత్తు, కలపడం ఇంకో ఎత్తు. పాత బల్ల మీద తీగ పట్టుకుని వెళ్తే శబ్దం ఎక్కడ ఆగిందో దొరికేది. డిజిటల్ బల్ల వెనక తీగలు తగ్గాయి, లోపల దారులు పెరిగాయి. ఒకటో నంబరు సాకెట్‌లో పెట్టిన మైకు ఒకటో ఫేడర్ మీదే రావాలన్న నియమం లేదు. ఏ ప్రవేశం ఏ ఛానెల్‌కు, ఏ ఛానెల్ ఏ ట్రాకుకు అన్నది తెర మీద రాసుకోవాలి. దీన్ని రూటింగ్ అంటారు. కొత్తగా స్టూడియో పెట్టినవాళ్లు మొదటి పూట చెమటలు కక్కేది ఇక్కడే. తీగ బాగుంటుంది, మైకు బాగుంటుంది, మీటరు మాత్రం కదలదు.

అసలు కథ మైకు దగ్గరే మొదలవుతుంది. మైకు ఇచ్చే విద్యుత్ సంకేతం చాలా బలహీనం. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలో ఒకే సంకేతం రెండు దారుల్లో, ఒకటి తిన్నగా, మరొకటి తలకిందులుగా పోతుంది. దారిలో చొరబడిన కరెంటు మోత రెండింటిలోనూ ఒకే రకంగా ఉంటుంది కాబట్టి, అవతలి కొసన తలకిందులైన దాన్ని తిరగేసి కలిపితే మోత రద్దయి పాట మిగులుతుంది. కండెన్సర్ మైకుకు బయటి నుంచి 48 వోల్టులు అందాలి. ఆ అంకె వెనకా ఓ చరిత్ర ఉంది. 1966లో జర్మనీకి చెందిన నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియో వాళ్లకు మైకులు చూపించినప్పుడు, వాళ్ల స్టూడియోల్లో చీకటి శీతకాలం కోసం పెట్టుకున్న అత్యవసర దీపాల 48 వోల్టుల సరఫరా సిద్ధంగా ఉంది. దాన్నే మైకుకూ వాడుకున్నారు. అదే లోకమంతటికీ ప్రమాణమై కూర్చుంది.

తర్వాతిది గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే ఆ బలహీన సంకేతాన్ని ఎంత పెంచాలన్న లెక్క. ఇక్కడ డప్పుకూ కిన్నెరకూ పోలికే లేదు. డప్పు మీద సిర్ర పడ్డ క్షణంలో ఎగసే శబ్దానికి గెయిన్ బాగా తగ్గించి ఉంచాలి. సొరకాయ బుర్రల్లో పలికే కిన్నెరకు మైకు దగ్గరగా పెట్టి గెయిన్ పెంచాలి. టేపు మీద శబ్దం కాస్త హద్దు దాటినా వెచ్చగా నలిగి ఊరుకునేది. డిజిటల్‌లో సున్నా గీత దాటితే మిగిలేది పటపటమనే చీలిక, దానికి మందు లేదు. అందుకే అనుభవజ్ఞులు సగటు శబ్దాన్ని మైనస్ 18 డెసిబెల్స్ చుట్టూ ఉంచి పైన ఖాళీ వదులుతారు. సీడీ నాటి 16 బిట్ల లెక్కలో అత్యంత మెత్తని శబ్దానికీ అత్యంత గట్టిదానికీ నడుమ సుమారు 96 డెసిబెల్స్ దూరం దొరికితే, నేటి 24 బిట్లలో కాగితం మీద 144 దాకా దొరుకుతుంది. అంత చోటు ఉండగా మీటరును ఎర్ర దీపం దాకా తరమాల్సిన పని లేదు.

మూడోది గడియారం. డిజిటల్ యంత్రం శబ్దాన్ని సాధారణంగా సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది. సీడీ అయితే 44,100 సార్లు. కన్సోల్, మైకు సంకేతాన్ని పెంచే మరో ప్రీయాంప్ పెట్టె, కంప్యూటర్ మూడూ కలిసి పని చేయాలంటే మూడూ ఒకే క్షణంలో కొలవాలి. ఒకటి యజమాని, మిగతావి దాని వెంట నడిచేవి. ఇద్దరు యజమానులైతే పాటలో చిటపటలు మొదలవుతాయి. 1991లో అలెసిస్ కంపెనీ ఎస్-వీహెచ్ఎస్ వీడియో టేపు మీద ఎనిమిది ట్రాకులు ఎక్కించే ఏడాట్ యంత్రంతో పాటు తెచ్చిన సన్నని కాంతి తీగ నేటికీ ఎనిమిది ఛానెళ్లను మోస్తూ ఎన్నో స్టూడియోల్లో కనిపిస్తుంది. టేపు పోయింది, తీగ మిగిలింది.

గాయకుడికి ఇవేవీ పట్టవు. అతనికి కావలసింది హెడ్‌ఫోన్లో తన గొంతు. పాట కంప్యూటర్‌లోకి పోయి తిరిగి వచ్చేసరికి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. శబ్దం గాలిలో ఒక అడుగు దాటడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది కాబట్టి, పది మిల్లీసెకన్ల ఆలస్యమంటే పది అడుగుల అవతల నిలబడి పాడుకున్నట్టే. మద్రాసు హాల్లో వాద్యగాళ్లు ఆ దూరంలోనే కూర్చుని తాళం తప్పకుండా వాయించారు, నిజమే. కానీ సొంత గొంతే ఆలస్యంగా వినిపిస్తే గట్టి గాయకుడూ తడబడతాడు. అందుకే గొంతును కంప్యూటర్ దాకా తిప్పకుండా కన్సోల్ నుంచే నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపుతారు. గాయనికి తంబుర కాస్త ఎక్కువ, డప్పు కళాకారుడికి తాళం టిక్కులు ఎక్కువ: ఎవరికి వాళ్ల తూకం కన్సోల్‌లో ‘బస్’ అనే వేరే దారి మీద విడిగా వెళ్తుంది. కావలసిన అమరికంతా ఒక సీన్‌గా దాచుకుంటే, ఆరు నెలల తర్వాత అదే కళాకారుడు వచ్చినా ఒక్క మీటతో గది పాత రోజుకు పోతుంది.

ఈ మార్పులన్నీ పాలమూరు నేల మీద ఒక్క మనిషిలో కలిశాయి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథలు చెప్పుకుంటూ ఊళ్లు తిరిగినవాడు. 2021 సెప్టెంబరులో తమన్ సంగీతంలో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట విడుదలైనప్పుడు అది ఆయన గొంతుతోనే మొదలైంది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. జీవితమంతా ఆరుబయట, అరుగుల మీద, తన చేతి తూకంతో తానే పాడుకున్న గాయకుడి గొంతు మల్టీట్రాక్ పాటలో ఒక వరుసై, లక్షల మంది ఫోన్లలోకి పోయింది. ఒక్క పాట తర్వాత జనానికి కిన్నెర పేరు తెలిసింది. తరాలుగా దాన్ని మోసినవాళ్లలో ఎందరి వాద్యం ఏ ట్రాకు మీదా పడకుండానే పోయింది.

జాతర వేదికలకూ ఇదే సాంకేతికత నడిచొస్తోంది. ఒకప్పుడు వేదిక నుంచి కన్సోల్ దాకా చేతి లావు మల్టీకోర్ తీగ చుట్టను నలుగురు మోసేవారు. ఇప్పుడు వేదిక మీద ఒక పెట్టె, దాని నుంచి వంద మీటర్ల దాకా లాగగలిగే ఒక్క నెట్‌వర్క్ తీగ చాలు. అదే కన్సోల్ ఒకవైపు స్పీకర్లకు శబ్దం పంపుతూనే, ఇంకోవైపు ప్రతి మైకునూ వేరు వేరు ట్రాకుగా లాప్‌టాప్‌లోకి ఎక్కించగలదు. మద్రాసు థియేటర్ కోట్లు పెట్టినా 1960లో చేయలేని పని ఇది. పంచుకునే వేదిక, దాచుకునే స్టూడియో ఒకే బల్ల మీదికి వచ్చాయి.

ఒక్క ట్రాకు మీద కలిసిపోయిన పాత పాటను ఇవాళ కృత్రిమ మేధతో కొంత విడదీయవచ్చు. పాత క్యాసెట్ మీది జాన్ లెనన్ గొంతును అలా వేరు చేసే 2023లో బీటిల్స్ ‘నౌ అండ్ దెన్’ విడుదల చేశారు. కానీ అది పోయినదాన్ని వెతుక్కోవడమే. మన కళ్ల ముందే పాడుతున్న వాళ్ల విషయంలో ఆ వెతుకులాట అవసరమే రాకూడదు. మేళ్లచెరువు ప్రభల దగ్గర గానీ, పెద్దగట్టు మీద గానీ, నల్లమల అంచు పల్లెలో గానీ కన్సోల్ వేసే ప్రతి ఆపరేటరూ యూఎస్‌బీ తీగ ఒకటి అదనంగా పెట్టి, పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాసి ట్రాకులు విడివిడిగా దాచాలి. జాతర కమిటీలు మైకు సెట్టుకు ఇచ్చే అద్దెలో ఆ పనికీ ఒక పద్దు రాయాలి.